విచారణ అయ్యాక చూద్దాం

అనకాపల్లి చుట్ట, ఆకుపొగాకు వర్తకుల సంక్షేమ సంఘం అన్న బోర్డు చూసి అదేదో పెద్ద ఆఫీసనుకునేరు. బెల్లం మార్కెట్టు వెనక సందులో, ఒక బెల్లం కొట్టు మేడ మీద ఒకే ఒక గది. కింద నుంచి పాకం వాసన, పైనుంచి పొగాకు ఘాటు మెట్ల మీద కలుసుకుని, ఎక్కి వచ్చేవాడికి తుమ్ములు తెప్పిస్తాయి. ఒకప్పుడు అరవై మంది సభ్యులుండేవారు. ఇప్పుడు పద్దెనిమిది. అందులో నలుగురు మీటింగులకి రారు, వచ్చేవాళ్లలో ఇద్దరికి చెవులు వినపడవు. అధ్యక్షుడు నానాజీ గారు మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కడం మానేసి మూడేళ్లయింది. ఇక సంఘమంటే మిగిలింది కార్యదర్శి బంగారయ్య.

బంగారయ్యకి వినతిపత్రం రాయడం వచ్చు. అదే ఆయన కొంప ముంచింది. ఇరవయ్యొకటో ఏడు కార్యదర్శిగా. ప్రతి ఏడూ జనరల్ బాడీలో ‘ఈసారి ఎవరైనా తీసుకోండి నాయనా’ అంటాడు, అందరూ చప్పట్లు కొట్టి మళ్లీ ఆయన్నే ఎన్నుకుంటారు. పన్ను పెంచితే వినతిపత్రం, తనిఖీవాళ్లు వేధిస్తే వినతిపత్రం, జాతరలో చుట్టల కొట్టు పెట్టనివ్వకపోతే వినతిపత్రం. రాసిన ప్రతిదానికీ ‘తగు చర్య నిమిత్తం పై అధికారులకు పంపడమైనది’ అని జవాబు వచ్చేది. ఆ పై అధికారులు ఎంత పైన ఉంటారో ఆయన ఇప్పటికీ చూసి ఎరగడు. అరవై ఒకటి నిండాయి. రాసి రాసి వేలు వంకరపోయింది, తిరిగి తిరిగి చెప్పులరిగాయి, ఆకు వ్యాపారం చూస్తే నాతవరం, రావికమతం వైపు రైతులు పొగాకు మాని చెరకో సరుగుడో వేసుకుంటున్నారు. నిజం చెప్పాలంటే ఆయన అలసిపోయాడు. అలసిపోయానని చెప్పుకోవడానికి కూడా ఒక వినతిపత్రం రాయాలేమోనని అప్పుడప్పుడు తనలో తనే నవ్వుకునేవాడు.

అలాంటి సమయంలో కొత్త ముసాయిదా ఒకటి వచ్చింది. ఇకమీదట చుట్టలు విడిగా కట్ట కట్టి అమ్మకూడదు. సీలు వేసిన ప్యాకెట్టు, దాని మీద కుళ్లిపోయిన నోటి బొమ్మ, తయారీ తేదీ, అన్నీ ఉండాలి. గవరపాలెంలో తన షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు పొద్దున్నే ఆకు తడిపి, ఈనె తీసి, తొడ మీద చుట్టి, దారం కట్టి ఇచ్చే చుట్టలకి ప్యాకింగు మిషను ఎవడు కొంటాడు? ఆ రూలు వచ్చిన మర్నాడే షెడ్డు మూసెయ్యాలి. మళ్లీ వినతిపత్రం అనుకుంటూ బంగారయ్య కాగితాల కట్ట విప్పేసరికి, మెట్ల మీద తుమ్ములు వినిపించాయి.

వచ్చినవాడి పేరు లోహిత్. హైదరాబాదు నుంచి. పైపు పొగాకు తయారీదారుల సమాఖ్య తరఫున పనిచేస్తాడట. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. పైపు తాగేవాణ్ణి బంగారయ్య పాత సినిమాల్లో జమీందారు వేషాల్లో చూడటమే తప్ప నిజంగా చూడలేదు. వీడికి మా సందులో ఏం పనిరా అనుకుంటూనే కుర్చీ చూపించాడు.

“అంకుల్, సింపుల్‌గా చెప్తాను,” అన్నాడు లోహిత్. “రూల్లో మీరూ మేమూ ఒకే లైన్లో ఉన్నాం. ‘పైపు పొగాకు, చుట్ట, తదితర విడి పొగాకు’ అని రాశారు. ఆ లైన్ మొత్తం తీయించాలి. మేం వెళ్లి అడిగితే కంపెనీవాళ్లు లాభం కోసం వచ్చారంటారు. మీ ఊరి పెద్దావిడ ఎవరైనా వచ్చి, ఇది మా ఆచారం, మా బతుకు అని చెప్తే వింటారు. వైజాగ్‌లో విచారణ కమిటీ కూర్చుంటోంది. కారు మేం పంపిస్తాం, భోజనం మేం చూసుకుంటాం. మీరు ఒక్క మనిషిని చూపించండి చాలు.”

“ఎలాంటి మనిషి కావాలి బాబూ?”

“అడ్డపొగ తాగే ఆవిడ. వయసు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఆరోగ్యంగా ఉండాలి. అదే పాయింట్.”

ఇరవయ్యొక్క ఏళ్లలో బంగారయ్య దగ్గరికి కారు పంపిస్తానన్నవాడు వీడొక్కడే. మనసు కాస్త పొంగిందంటే తప్పు పట్టకండి. అన్నాళ్లూ ఒంటరిగా గోడకి మొరపెట్టుకున్నవాడికి తోడు దొరికింది మరి.

మనిషి కోసం వెతకనక్కర్లేదు. చేపల బజారులో అప్పలకొండమ్మ ఉండనే ఉంది. డెబ్భై దాటింది. పూడిమడక నుంచి తెల్లవారకుండానే తట్టతో ఆటో ఎక్కి వచ్చి, బజారు మొదట్లో గోనె పరుచుకుని కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా బంగారయ్య ఇంటికి చేప ఆవిడ తట్టలోంచే వస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్త నేర్పిందట అడ్డపొగ: చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నోట్లో నిప్పు పెట్టుకునే ఆవిడ బేరమాడుతుంది, తిడుతుంది, ఆశీర్వదిస్తుంది. కోడలు దుర్గాలక్ష్మి గవరపాలెం షెడ్డులోనే చుట్టలు చుడుతుంది.

బంగారయ్య వెళ్లి సంగతి చెప్పగానే ఆవిడ చుట్ట తీసి పక్కన పెట్టింది.

“సాచ్చెమా? నానెవుల్ని సంపేనని బాబూ?”

“చంపడం కాదమ్మా. పెద్దవాళ్లు కూర్చుని చుట్ట గురించి అడుగుతారు. నీకు తెలిసింది చెప్పడమే.”

“కారులో తీసుకెల్తావా? ఏసీ కారేనా?”

“ఏసీదే.”

“అయితే తట్ట కూడా ఎత్తుకొత్తాను. సేపలు పాడవ్వవు,” అని పక్కన కూర్చున్న చేపలమ్మేవాళ్లందరూ వినేలా నవ్వింది. నవ్వి, కత్తిపీట మీద వంజరం ముక్క కోసి, “ఇది మా అమ్మ గంగాబవానికి ఇయ్యి, నాకు బేరాలు తెచ్చిందని సెప్పు,” అంది. గంగాభవాని అంటే బంగారయ్య భార్య.

ఫిబ్రవరి పదకొండున సంఘం గదిలో అప్పలకొండమ్మకి మాటలు నేర్పించాడు బంగారయ్య. యాభై ఏళ్లుగా తాగుతున్నానని చెప్పాలి. ఒంట్లో ఏ జబ్బూ లేదని చెప్పాలి. కోడలి కూలి మీద ఇల్లు నడుస్తుందని చెప్పాలి. ఆవిడ రెండోసారికే పట్టేసింది, పైగా బంగారయ్య రాసినదాని కన్నా బాగా చెప్పింది. కింద నుంచి టీ తెప్పించాడు. ఆవిడ ఒక గుక్క తాగి, కళ్లు గట్టిగా మూసుకుని, గ్లాసు కింద పెట్టేసింది.

“ఏమైందమ్మా?”

“ఏటీ నేదు బాబూ. ముల్లు గుచ్చుకున్నాది. పుస్సెమాసం నించి మానడం నేదు, దిక్కుమాలింది.”

“ఏదీ, నోరు తెరు.”

ఫోను టార్చీ వేసి చూశాడు. అంగిలంతా తెల్లగా, మందంగా, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. అది కొత్త కాదు. అడ్డపొగ తాగేవాళ్లందరికీ అలాగే ఉంటుంది. అంగుడు గట్టిపడిందని వాళ్లు గొప్పగా కూడా చెప్పుకుంటారు, పొగలు కక్కే చేపల పులుసు ఊదకుండా తినగలమని పందేలు కాస్తారు. నిప్పుకి అలవాటుపడ్డ నోటికి ఇంకే జబ్బూ అంటదని పూడిమడకలో ఎవరినడిగినా చెబుతారు. బంగారయ్య చూసింది ఆ తెలుపు కాదు. కుడివైపు, లోపలగా, అంచులు పైకి లేచిన పుండు. రూపాయి బిళ్లంత ఉంది.

ఆయన అలాంటిది ఇంతకు ముందొకసారి చూశాడు. తలుపులమ్మ అని, ఆయన షెడ్డులోనే చుట్టలు చుట్టేది. ఆవిడ కూడా మొదట చేపముల్లు అనే అంది. తరవాత ఎనిమిది నెలలే బతికింది.

టార్చీ ఆర్పేశాడు. ఆ క్షణంలో ఆవిణ్ణి లేవదీసి ఆసుపత్రికి తీసుకుపోవాలి, అంతే. అది తెలియని మనిషి కాదు బంగారయ్య. కానీ విచారణ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. ఆవిడ పేరు, ఫోటో అప్పటికే కమిటీకి వెళ్లిపోయాయి. వరండాలోకి వెళ్లి లోహిత్‌కి ఫోన్ చేశాడు.

“అయ్యో,” అన్నాడు లోహిత్. నిజంగానే అన్నాడు, వాడేమీ రాక్షసుడు కాదు. “కానీ అంకుల్, ఇప్పుడు హాస్పిటల్‌కి వెళ్తే రిపోర్ట్ వస్తుంది. రిపోర్ట్ వస్తే కమిటీలో డాక్టర్లు అదే అడుగుతారు. అప్పుడు మన కేస్ ఉండదు, మీ షెడ్డూ ఉండదు. పన్నెండు రోజులేగా. అయ్యాక బెస్ట్ డాక్టర్‌కి చూపిద్దాం.”

పన్నెండు రోజులేగా. ఆ మాట బంగారయ్యకి చల్లగా తగిలింది. లోపలికొచ్చి అప్పలకొండమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

“విచారణ అయ్యాక నేనే దగ్గరుండి పెద్ద డాక్టరుకి చూపిస్తానమ్మా. అంతవరకూ నొప్పి మాట ఎవరికీ చెప్పకు. కోడలికి కూడా. నీ నోటి మీద నలభై కుటుంబాలున్నాయి.”

ఆవిడ ఆయన మొహం వైపు చూసింది. నలభై కుటుంబాలు తన నోటి మీద ఆధారపడ్డాయని ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పలేదు.

“అలగే బాబూ,” అంది.

ఇక చూసుకోండి వాయిదాల సంబరం. మొదటి విచారణ తేదీన కారొచ్చింది. అప్పలకొండమ్మ కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. అగనంపూడి దగ్గర హైవే పక్కన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దాని ముందు నుంచే కారు దూసుకుపోయింది. బంగారయ్య అటు చూడకుండా ఫోను చూసుకున్నాడు. గాజువాక దాటేలోగానే లోహిత్ ఫోను: కమిటీ ఛైర్మన్ గారికి ఢిల్లీలో పని పడింది, మూడు వారాల తరవాత. కారు వెనక్కి తిరిగింది. మళ్లీ అదే ఆసుపత్రి ముందు నుంచి. మూడు వారాలే కదా, ఎలాగూ ఆగాం, ఇంకాస్త ఆగుదాం అనుకున్నాడాయన. ఆ మూడు వారాలు ఏప్రిల్ అయ్యాయి. ఏప్రిల్ తేదీ ఫోనులోనే పోయింది. జూన్‌లో మళ్లీ వెళ్లారు, పొద్దున్నించి సాయంత్రం దాకా కమిటీ కూర్చునే గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చున్నారు. లోపల ఫైలు రాలేదన్నారు. దారిలో ఆ ఆసుపత్రి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు పోయింది.

వాయిదా పడ్డ ప్రతిసారీ లోహిత్ గొంతు హుషారుగా ఉండేది. మొదట్లో బంగారయ్యకి అది అర్థం కాలేదు. జూన్ వాయిదా తరవాత అడిగేశాడు.

“ఏం బాబూ, పని అవ్వట్లేదు కదా, నీకు సంతోషమేమిటి?”

“అంకుల్, విచారణ అవ్వనంతకాలం రూల్ రాదు. రూల్ రానంతకాలం సరుకు అమ్ముకోవచ్చు. మా బోర్డు మిమ్మల్ని తెగ మెచ్చుకుంటోంది. వాయిదా అంటే మనం గెలిచినట్టే.”

ఇన్నేళ్లూ వాయిదా అంటే ఓడిపోవడమనుకుంటూ బతికాడు బంగారయ్య. ఇది కూడా ఒక రకం పనితనమే కాబోలు, తనకి తెలియలేదు. కోపం రావలసింది, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

బజారులో మాత్రం మార్పు కనిపిస్తూనే ఉంది. ఒకరోజు గంగాభవాని చేప తెచ్చి గిన్నెలో వేస్తూ అంది. “అప్పలకొండమ్మకి ఏమైందండీ? కేకే లేదు. బేరమాడదు. ఎంతంటే అంతకి ఇచ్చేస్తోంది. మనిషి సగమైపోయింది. అడిగితే ముల్లు గుచ్చుకుందంటుంది. ముల్లు ఆరు నెలలు ఉంటుందా?”

బంగారయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పూట చేపల కూర ముట్టుకోలేదు.

తనే వెళ్లి అడిగాడు ఒకసారి. అప్పలకొండమ్మ చుట్ట మానలేదు. కుడివైపు మండుతోందని ఎడం వైపు పెట్టుకుంటోంది. గంజి తప్ప మింగట్లేదట. చెంప కింద గడ్డ ఒకటి తేలింది.

“బాబూ, ఇచారణ ఎప్పుడూ?” అనడిగింది మెల్లగా.

“ఆగస్టులో ఖాయంగా అంటున్నారమ్మా.”

“అలగే. నాకేటి తొందర? నా పేరు సెప్పుకుని మా దుర్గాలచ్చిమి, ఆ షెడ్డు గుంటలందరూ నాలుగు మెతుకులు తింటారు. ఇంకొన్నాల్లు కూకుంటాను.”

ఆ మాటతో ఆవిడ ఆయన భుజం తట్టింది. ఆయనకే ఏదో కష్టం వచ్చినట్టు, ఆవిడ ఓదారుస్తున్నట్టు. బంగారయ్యకి బజారులో నిలబడి ఏడుపొచ్చింది. చేపల నీళ్లు కళ్లలో పడ్డాయని తుడుచుకుని వచ్చేశాడు.

ఆగస్టు తేదీకి ముందు రోజు లోహిత్ కొత్త కోరిక కోరాడు. సంఘం పాత వినతిపత్రాలు కావాలట. ఇరవై ఏళ్లుగా మీరు ఒకే మాట మీద ఉన్నారని చూపిస్తే కమిటీ దగ్గర బరువుంటుందన్నాడు. బంగారయ్య బీరువా తెరిచి, కట్టలన్నీ దింపి, గది నేల మీద ఏడాది వారీగా పరిచాడు. ప్రతి వినతిపత్రం వెనకా ఒక జాబితా కుట్టి ఉంటుంది. అడ్డపొగ తాగుతూ ఆరోగ్యంగా ఉన్న ఇరవై మంది పెద్దాడవాళ్ల పేర్లు, ఎదురుగా వేలిముద్రలు. జాబితా పెట్టడం ఆయన తెలివే. మొదటి ఏడు పెట్టాడు, అధికారులు మెచ్చుకున్నారు, ఇక ప్రతి ఏడూ పెట్టాడు.

కిందటేడాది జాబితా ముందు పెట్టుకుని, దాని పక్కన మొదటి ఏడాది జాబితా పెట్టాడు. పేర్లు కలవలేదు. ఇరవైలో ఒకే ఒక్క పేరు కలిసింది.

కలవకపోవడంలో వింతేముంది? ప్రతి ఏడూ జాబితా తిరగరాసేటప్పుడు చనిపోయినవాళ్లని తీసేసి, బతికున్నవాళ్లని చేర్చేవాడు. చనిపోయినవాళ్లు వేలిముద్ర వెయ్యలేరు కదా. మంచాన పడ్డవాళ్లని కూడా తీసేసేవాడు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జాబితాలో వాళ్లుండకూడదు కదా. అంతా సక్రమంగానే చేశాడు. ఒక్క పేరు కూడా అబద్ధం కాదు. ఏ ఏడుకి ఆ ఏడు చూస్తే ఇరవై మంది, ఇరవై మందీ ఆరోగ్యవంతులే. ఇరవై ఏళ్లవీ పక్కపక్కన పరిస్తే మాత్రం ఆయన వంకరపోయిన వేలితో తనే ఒక్కొక్కరినీ కొట్టేసినట్టు కనపడింది. తలుపులమ్మ జాబితా మొదలైన మూడో ఏట పోయింది. ఆవిడ చెల్లెలు ఐదో ఏట. తంతడి నుంచి వచ్చే ఇద్దరు తోడికోడళ్లు ఒకే ఏడు. వాళ్లందరూ ఎలా పోయారో ఆయనకి తెలియదు. తెలియదని కాదు, అడగలేదు. కొందరి సంగతి మాత్రం అడగకుండానే తెలిసింది. దవడ వాచిందనీ, నోరు తెరుచుకోవట్లేదనీ, నీళ్లు కూడా ముక్కులోంచి వస్తున్నాయనీ షెడ్డులో ఆడవాళ్లు చెప్పుకునేవారు. ఆయన విని, వెళ్లి జాబితాలో పేరు మార్చేవాడు.

అప్పలకొండమ్మ ఒక్కతే మొదటి నుంచీ చివరిదాకా ఉంది. రేపు కమిటీ ముందు ఆ ఒక్క పేరూ చూపించి, చూడండి, ఏమీ కాలేదు అనాలి. వచ్చే ఏడాది జాబితాలో ఆ పేరు కూడా మార్చాలి. బంగారయ్య కాగితాలు కట్టలేదు. అలాగే నేల మీద వదిలేసి, తాళం వేసి, ఇంటికి నడిచాడు.

మర్నాడు కారొచ్చింది. ఈసారి దుర్గాలక్ష్మి కూడా వచ్చింది, అత్తని పట్టుకుని ఎక్కించడానికి మనిషి కావలసివచ్చింది. అప్పలకొండమ్మ అదే కొత్త చీర కట్టుకుంది గానీ ఒంటి మీద నిలవట్లేదు. ముందు సీటు వద్దంది, వెనక కోడలి భుజం మీద తల పెట్టుకుంది. లంకెలపాలెం దాటింది. అగనంపూడి వస్తోంది.

“డ్రైవరు బాబూ, ఆ ఆసుపత్రిలోకి తిప్పు,” అన్నాడు బంగారయ్య.

“సార్, గెస్ట్‌హౌస్ అన్నారు కదా. పదకొండింటికల్లా తీసుకురమ్మన్నారు.”

“తిప్పమన్నానా?” అని అరిచాడు. బంగారయ్య అరవడం ఆయనకే కొత్త. కారు తిరిగింది.

“ఇదేటి బాబూ, ఇచారణ ఇక్కడా?” అంది అప్పలకొండమ్మ.

“ముందు ఇక్కడమ్మా,” అన్నాడు.

చీటీ రాయించి, వరసలో కూర్చోబెట్టి, వరండాలోకి వచ్చాడో లేదో ఫోను మోగింది. బంగారయ్య గుండె రాయి చేసుకుని ఎత్తాడు. ఇక మీ కమిటీ, మీ పైపులు నాకొద్దు, నేను రాను, ఆవిణ్ణి తీసుకురాను, అని దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్క ఊపున అప్పజెప్పేశాడు.

లోహిత్ ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

“అంకుల్, మీరు టెన్షన్ పడకండి. మీరు చేసింది కరెక్టే. ముఖ్య సాక్షి ఆసుపత్రిలో ఉన్నారు, కోలుకున్నాక వింటామని అడుగుతాం. కాదనలేరు. తక్కువలో తక్కువ ఆరు నెలలు వాయిదా. ఇంతకన్నా మంచి కారణం మాకూ దొరకదు. డాక్టర్ సర్టిఫికెట్ ఒక్కటి ఫోటో తీసి పెట్టండి, చాలు.”

“పెట్టను,” అన్నాడు బంగారయ్య.

“పర్లేదంకుల్, నోటితో చెప్తే కూడా ఒప్పుకుంటారు. మీరు ఆవిణ్ణి బాగా చూసుకోండి.”

లోహిత్ ఫోను పెట్టేశాడు. బంగారయ్య గోడకి ఆనుకున్నాడు. ఎదురు తిరిగానని అనుకున్నాడు పాపం. ఎదురు తిరిగినా వాళ్ల పనే అయింది. షెడ్డు ఇంకో ఆరు నెలలు ఉంటుంది, దానికి సంతోషించాలో ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. లోపల నుంచి ఎవరో అప్పలకొండమ్మ పేరు పిలిచారు.

డాక్టరు చిన్న వయసు మనిషి. బల్ల మీద డాక్టర్ ఇందు అని రాసి ఉంది. అప్పలకొండమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమంది. అప్పలకొండమ్మ రెండు వేళ్ల మేర కూడా తెరవలేకపోయింది. డాక్టరు లైటు వేసి చూసింది. గడ్డ నొక్కి చూసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ, గ్లోవ్స్ తియ్యడానికి కాస్త ఎక్కువసేపు తీసుకుంది.

“నొప్పి ఉందా అమ్మా?”

అప్పలకొండమ్మ మాట్లాడలేదు.

“ఎన్నాళ్ల నుంచి ఉందిది?”

అప్పుడూ మాట్లాడలేదు. దుర్గాలక్ష్మి, “సెప్పత్తా, డాక్టరమ్మ అడుగుతోంది కదా,” అంది. అప్పలకొండమ్మ కోడలి వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. మెడ తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ బంగారయ్య వైపు చూసింది.

“ఇప్పుడు సెప్పొచ్చా బాబూ?”

గదిలో ముగ్గురు ఆడవాళ్లూ బంగారయ్య వైపే చూస్తున్నారు. దుర్గాలక్ష్మి చూపు మెల్లగా మారిపోతోంది, ఆవిడకి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

“సెప్పమ్మా,” అన్నాడు చివరికి. “అన్నీ సెప్పీ.”

డాక్టరు ఆయన్ని అడిగింది. “మీరు ఆవిడకి ఏమవుతారు?”

“ఏమీ కాను డాక్టరుగారూ. సంఘం కార్యదర్శిని. ఫిబ్రవరి పదకొండున నేను చూశాను. ఈ ఫోనుతోనే లైటు వేసి చూశాను. అదేమిటో నాకు తెలుసు. ఆగమని నేనే చెప్పాను.”

“ఆరు నెలలు,” అంది డాక్టరు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకి. ఆవిడ తేదీ రాసుకుంది, మళ్లీ అప్పలకొండమ్మ వైపు తిరిగింది.

అప్పలకొండమ్మ అప్పటికే మొదలుపెట్టింది. పుష్యమాసంలో మొదటిసారి టీ మండడం దగ్గర్నుంచి. రాత్రుళ్లు చెవిలోకి పోటు రావడం, కోడలికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకోవడం, ఉమ్మితే నెత్తురు పడితే ఇసక కప్పెయ్యడం, మనవరాలు ముద్దు పెట్టబోతే వాసనేస్తుందని మొహం తిప్పుకోవడం. సగం మాటలు తెలియట్లేదు, నోరు తిరగట్లేదు ఆవిడకి. అయినా ఆగలేదు, ఆరు నెలల మాటలూ వరసగా వస్తున్నాయి. దుర్గాలక్ష్మి అత్త మోకాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తోంది. డాక్టరు పెన్ను పక్కన పెట్టేసి వింటోంది.

మధ్యలో ఒకసారి ఆగి, “బాబుని ఏటీ అనకమ్మా, నలభై కుటుంబాలు మరి,” అని డాక్టరుకి చెప్పి, మళ్లీ చెప్పుకుపోయింది. ఎవరో కుర్చీ జరిపి కూర్చోమన్నారు. బంగారయ్య కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు.